ఒక్కరోజు పర్మిషన్, దాని వెనక నాలుగు నెలలు

మా బావగారికి హైదరాబాద్ శివార్లలో 200 గజాల ప్లాటు ఉంది. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు, తూర్పు ముఖం. 2012లో కొన్నారు. రిటైరయ్యాక అందులో ఇల్లు కడదామనుకున్నప్పుడు చుట్టుపక్కల అందరిదీ ఒకటే మాట: "ఇప్పుడంతా ఆన్‌లైనే కదండీ, ఇవాళ అప్లై చేస్తే రేపు పర్మిషన్." వాళ్లు చెప్పింది అబద్ధమేం కాదు. అప్లికేషన్ పెట్టిన రోజే ఆయనకి అనుమతి పత్రం వచ్చింది. కాకపోతే ఆ అప్లికేషన్ పెట్టే స్థితికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలు ఎక్కడికి పోయాయో చెబితే ఇంటి పర్మిషన్ వ్యవహారం సగం అర్థమైనట్టే.

ముందు చట్టం సంగతి. తెలంగాణలో 2020 నవంబరులో టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి మొదలైంది. 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోరో, పైన ఇంకో అంతస్తో కట్టుకుంటే అసలు పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద అప్పటికప్పుడు అనుమతి ఇస్తారు. అంతకన్నా పెద్దవాటికి సింగిల్ విండో, 21 రోజుల గడువు. ఆ గడువులో ఆఫీసు అవుననీ కాదనీ చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ తెచ్చారు. డ్రాయింగ్ ఎక్కిస్తే అది రూల్స్‌కి సరిపోతుందో లేదో మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేరే చూస్తుంది.

ఇందులో అందరూ "అప్పటికప్పుడు" అన్న ముక్కని పట్టుకుంటారు. అసలు కిటుకు "సెల్ఫ్ సర్టిఫికేషన్"లో ఉంది. పాత పద్ధతిలో టౌన్ ప్లానింగ్ వాళ్లు సైటుకొచ్చి చూసేవాళ్లు, కాగితాలు తిరగేసేవాళ్లు, నెలల తరబడి తిప్పించుకునేవాళ్లు, చివరికి సంతకం పెట్టేవాళ్లు. ఆ సంతకం ఇప్పుడు మనది. ఈ స్థలం నాదే, ఇది చెరువులో లేదు, ప్రభుత్వ భూమి కాదు, చూపించిన కొలతలు నిజం అని మనమే రాసిస్తాం. ముందు కాగితం ఇస్తారు, తనిఖీ తర్వాత చేస్తారు. రాసిచ్చింది తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, అక్రమ కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చొచ్చని బీపాస్ చట్టంలోనే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసివ్వాలంది గానీ, రోడ్లు, నీటివనరుల లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకి ఆ రక్షణ లేదు. రూల్స్ ఒక్కటి కూడా తగ్గలేదు. అవన్నీ తెలుసుకోవాల్సిన పని ఆఫీసరు టేబుల్ మీద నుంచి మన డైనింగ్ టేబుల్ మీదికొచ్చింది.

బావగారి మొదటి అడ్డంకి ఇంటి గురించే కాదు. "ప్లాటు ఎల్‌ఆర్‌ఎస్ అయిందా?" అన్నాడు ఎల్‌టీపీ. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లని క్రమబద్ధం చేసే పథకం. ఎల్‌టీపీ అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. ప్లాన్ గీసి, అప్లికేషన్ ఎక్కించి, మనతో పాటు బాధ్యత తీసుకుని సంతకం పెట్టే మనిషి. బావగారు రిజిస్టర్డ్ సేల్ డీడ్ తీసి చూపించారు. స్టాంపు పేపర్లు, వేలిముద్రలు, సబ్ రిజిస్ట్రార్ సీలు, అన్నీ ఉన్నాయి. "ఇది మీదేనని ఈ డీడ్ చెప్తుంది సార్. ఇది ప్లాటు అని ఎవరు చెప్పారు?" అన్నాడతను.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్థలం ఎవరిదన్నది ఒక ప్రశ్న, దానికి రిజిస్ట్రేషన్ శాఖ కాగితాలు, పాత అమ్మకాల లింక్ డాక్యుమెంట్లు, స్థలం మీది లావాదేవీలు చూపించే ఈసీ జవాబు చెబుతాయి. ఆ నేల ఇళ్ల స్థలమా కాదా అన్నది రెండో ప్రశ్న, దానికి లేఅవుట్ అనుమతి జవాబు. దాంట్లో మనం కట్టబోయేది రూల్‌కి సరిపోతుందా అన్నది మూడోది, దాన్ని తేల్చేది బిల్డింగ్ పర్మిషన్. మొదటిదానికి జవాబుందని మిగతా రెండూ ఉన్నట్టే అనుకుంటాం. ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటర్ కూడా అంతే. పన్ను కడుతున్నంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు, మున్సిపాలిటీ అక్రమ కట్టడాల దగ్గర కూడా పన్ను వసూలు చేస్తుంది.

ఆయన ప్లాటు అప్పట్లో "పంచాయతీ లేఅవుట్" అని అమ్మినది. పొలాన్ని కొన్న రియల్టర్ రాళ్లు పాతి, సున్నంతో గీతలు గీసి, సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉన్న నక్షా ఒకటి చేతిలో పెట్టాడు. లేఅవుట్‌కి హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలోనైతే హెచ్ఎండీఏ, మిగతా చోట్ల రాష్ట్ర పట్టణ ప్రణాళిక విభాగం (డీటీసీపీ) సాంకేతిక ఆమోదం కావాలి. అది లేని నక్షాకి కాగితంగా తప్ప విలువ లేదు. ఇలాంటి ప్లాట్లని క్రమబద్ధం చేయడానికే ఎల్‌ఆర్‌ఎస్. 2020లో ప్రభుత్వం ఈ పథకం పెట్టినప్పుడు 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి, ఆ అంకె చూస్తే చాలు, ఊళ్లు ఎలా పెరిగాయో తెలుస్తుంది. అదృష్టం కొద్దీ బావగారు అప్పుడు వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేసి ఉన్నారు. కట్టి మర్చిపోయారు. ఐదేళ్ల తర్వాత, 2025లో 25 శాతం రాయితీ ప్రకటించినప్పుడు మా అక్కయ్య గుర్తు చేస్తే ఆ రసీదు కోసం బీరువాలన్నీ వెతికారు.

ఎల్‌ఆర్‌ఎస్ ఫీజులో ఒక పద్దు చూసి ఆయనకి బాగా కోపమొచ్చింది. ఓపెన్ స్పేస్ చార్జీలు, ప్లాటు విలువలో 14 శాతం. "నేను కొన్నది ప్లాటు, పార్కుకి నేనెందుకు కట్టాలి?" అన్నారు. జవాబు సులువే. అనుమతి ఉన్న లేఅవుట్‌లో కనీసం పది శాతం భూమి ఖాళీ జాగాగా, పార్కుగా వదలాలి. మీ రియల్టర్ అది కూడా ముక్కలు చేసి అమ్ముకున్నాడు. ఆ లాభం అతను తీసుకుని వెళ్లిపోయాడు, లోటు మిగిలింది మీ దగ్గర. కాస్త ఊరట ఏమిటంటే ఆ 14 శాతాన్ని మనం ప్లాటు రిజిస్టర్ చేయించుకున్న నాటి విలువ మీద లెక్కేస్తారు. ఆయన డాక్యుమెంట్లో గజం 2,000 ఉంది, 200 గజాలకి 4 లక్షలు, అందులో 14 శాతం అంటే 56 వేలు. ఇవాళ్టి రేటు మీద వేస్తే ఎంతయ్యేదో ఊహించుకుని నోరు మూసుకున్నారు.

ఇంకో గందరగోళం "నాలా" అన్న మాటది. పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చడాన్ని నాలా కన్వర్షన్ అంటారు. అది చేసేది రెవెన్యూ శాఖ. వాననీళ్లు పారే పెద్ద కాలువని కూడా మనం నాలా అనే అంటాం. "నాలా ఉందా?" అని ఎల్‌టీపీ అడిగితే బావగారు "లేదండీ, మా వైపు ఏ కాలవా లేదు, నీళ్లు కూడా నిలవవు" అని గర్వంగా చెప్పారట. ఇద్దరూ ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ఒక పూట పట్టింది.

కాగితాలు తేలాక టేపు బయటికొచ్చింది. సేల్ డీడ్‌లో 36 ఇంటూ 50. నేల మీద కొలిస్తే 49 అడుగుల చిల్లర. అరడుగు తేడా అయితే పర్లేదు, కొన్ని ప్లాట్లలో నాలుగైదు గజాలు కూడా తేలుతుంది. అలాంటప్పుడు డీడ్‌లో ఉన్నది రాస్తే పక్కింటివాళ్ల గోడ మన నక్షాలోకి వస్తుంది, నేల మీదున్నది రాస్తే డీడ్‌తో కలవదు. రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని పట్టుకోవడమే క్షేమం. ఎక్కువ చూపించి తర్వాత సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో, దొరికిపోవడం కంటే అది నయం.

తర్వాత రోడ్డు. ఇంటి ముందు రోడ్డు 20 అడుగులు. రూల్ ప్రకారం 30 అడుగులు, అంటే 9 మీటర్లు కావాలి. అంతకన్నా తక్కువ ఉంటే రోడ్డు మధ్య నుంచి నాలుగున్నర మీటర్లు కొలిచి అక్కడి దాకా స్థలం వదిలేయాలి. బావగారికి ఇది దాదాపు 5 అడుగులు. "డబ్బు పెట్టి కొన్న నేల, రోడ్డుకి ఊరికే ఇవ్వాలా?" అన్నది సహజమైన ప్రశ్న. పెద్ద మాస్టర్ ప్లాన్ రోడ్లకి స్థలం పోతే టీడీఆర్ అని, అదనంగా కట్టుకునే హక్కునిచ్చే ఒక సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని వేరే బిల్డర్‌కి అమ్ముకోవచ్చు. వీధి రోడ్డుకి ఇచ్చే ఐదడుగులకి అంత సీన్ ఉండదు. ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరి దగ్గర తీసుకోకపోవడం వల్లే మన కాలనీ రోడ్లు పళ్లూడిన దువ్వెనల్లా ఉంటాయి. ఈ ఇల్లు లోపలికి, పక్కిల్లు బయటికి.

ఇప్పుడు అసలు లెక్క. ఆ అరడుగు తేడా పక్కన పెడితే, 36 ఇంటూ 50లో రోడ్డుకి 5 పోగా 36 ఇంటూ 45, అంటే 150 చదరపు మీటర్లు. 2012 నాటి 168 నంబరు జీవోనే ఇప్పటికీ ఈ సెట్‌బ్యాక్‌లకి ఆధారం. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి మామూలు వీధిలో ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలి. అడుగుల్లోకి మారిస్తే ముందు 5, మిగతా వైపులా మూడుం పావు. ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది దాదాపు 29 ఇంటూ 37. అంతస్తుకి 1,080 చదరపు అడుగులు. రోడ్డుకి ఇవ్వకపోయి ఉంటే 1,230 వచ్చేది. ఆ తేడా సరిగ్గా ఒక పడగ్గది. బావగారు పదమూడేళ్లుగా మనసులో కట్టుకున్న ఇంట్లో అమ్మాయి వచ్చినప్పుడు ఉండే గది ఒకటుంది. ఆ గది పై అంతస్తుకి వెళ్లింది.

వాస్తు ఇంకా మిగిలే ఉంది. వాస్తు ఉత్తరం, తూర్పు ఎక్కువ ఖాళీ ఉండాలంటుంది, జీవో మూడు వైపులా సమానం అంటుంది. పెద్ద ప్లాట్లలో ఒకవైపు సెట్‌బ్యాక్‌లో కొంత ఇంకోవైపుకి మార్చుకునే వెసులుబాటు రూల్స్‌లోనే ఉంది. ఇలాంటి బుడ్డ ప్లాట్లలో మాత్రం వాస్తు పండితుడి మాట విని దక్షిణం గోడని కాంపౌండ్‌కి అంటించినవాళ్లే తర్వాత నోటీసులు అందుకుంటారు. ఉత్తరం పెంచుకోండి, అభ్యంతరం లేదు. దక్షిణాన్ని మీటరు కంటే తగ్గించకండి.

చెరువుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మిగతా తప్పులకి జరిమానాతోనో రాజీతోనో దారి దొరకొచ్చు, దీనికి దొరకదు. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దుని ఎఫ్‌టీఎల్ అంటారు. అందులో ఏమీ కట్టకూడదు. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే ఆ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్, అంతకన్నా చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే పక్కన 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో ప్లాటు చూడ్డానికి వెళితే అక్కడ చెరువన్న ఆనవాలే ఉండదు, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. నీళ్లు ఇవాళ ఎక్కడున్నాయన్నది కాదు, రికార్డులో హద్దు ఎక్కడుందన్నది లెక్క. 2024 జూలైలో చెరువుల, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఈ హద్దుల మాట సామాన్యుల నోళ్లలో కూడా నానుతోంది. కూల్చిన ఇళ్లలో కొన్నింటికి మున్సిపల్ పర్మిషన్లు ఉన్నాయని యజమానులు కాగితాలు చూపించడం అందరం టీవీల్లో చూశాం. సెల్ఫ్ సర్టిఫికేషన్‌లో "ఇది ఎఫ్‌టీఎల్‌లో లేదు" అన్న గడిలో టిక్కు పెట్టేది మనమేనని అప్పుడు చాలామందికి అర్థమైంది. హెచ్ఎండీఏ సైట్లో చెరువుల మ్యాపులు ఉన్నాయి, సర్వే నంబరు పట్టుకుని అరగంట కూర్చుంటే తేలుతుంది. అనుమానంగా ఉంటే ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ల దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్ఓసీ) తెచ్చుకోవాల్సిందే.

ఇంతకీ మీ స్థలం ఎవరి కిందకి వస్తుందో కూడా ఒకసారి చూసుకోవాలి. నిన్న పంచాయతీ, ఇవాళ మున్సిపాలిటీ, రేపు కార్పొరేషన్. 2025 చివర్లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 పురపాలికలు ఒక్కసారిగా జీహెచ్ఎంసీలో కలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో రూల్స్ వేరు, 2017లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, ఏపీడీపీఎంఎస్ అనే పోర్టల్. అక్కడ కూడా సెల్ఫ్ సర్టిఫికేషన్ ఉంది, దాని పరిధిని 2025లో బాగా పెంచారు. పేర్లు, అంకెలు మారతాయి గానీ బండి నడిచే తీరు ఒకటే. లేఅవుట్ సరిగా లేకపోతే అక్కడా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఫీజుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీలు, బెటర్‌మెంట్ చార్జీలు, ఖాళీ స్థలం పన్ను బకాయి, కార్మిక సంక్షేమానికి నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు. పోర్టలే లెక్కేసి చూపిస్తుంది, ఆన్‌లైన్లో కట్టేయడమే. పైన ఇంకేమైనా ఎవరైనా అడిగితే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, సాధారణంగా సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

అప్లికేషన్ పెట్టకముందే, సాఫ్ట్‌వేర్ పరీక్షలో డ్రాయింగ్ మాత్రం రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి మెట్ల గది లేయర్ తప్పు గీశారు, రెండోసారి ఉత్తరం వైపు హద్దు పేరు డీడ్‌తో కలవలేదు. డీడ్‌లో పాత యజమాని పేరుంటే, ప్లాన్‌లో ఇప్పటి పొరుగాయన పేరు రాశారు. సాఫ్ట్‌వేర్‌కి పొరుగువాళ్లతో మొహమాటం ఉండదు.

అసలు ప్రమాదం పర్మిషన్ వచ్చాక మొదలవుతుందని నా అభిప్రాయం. కాగితం చేతికొచ్చిన రోజు నుంచి స్లాబు పడేదాకా ఎవరూ రారు, ఆ ధైర్యంతో రెండు అంతస్తులకి తీసుకుని మూడో అంతస్తు, పైన పెంట్‌హౌస్ లేపుతారు. ఎవరో ఫిర్యాదు చేస్తారు. తరచుగా ఆ ఎవరో అన్నవాడు పక్కింట్లోనే ఉంటాడు. జీహెచ్ఎంసీ చట్టంలో 452 సెక్షన్ కింద నోటీసు వస్తుంది, జవాబు తృప్తిగా లేకపోతే కారణాలు రాసిన ఉత్తర్వు, అంటే స్పీకింగ్ ఆర్డర్, ఆపైన 636 కింద కూల్చివేత. "బీఆర్ఎస్‌లో కట్టేసుకుందాంలే" అన్న భరోసా మనవాళ్లకి బాగా ఉంది. పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. 2015లో తెచ్చిన ఆ పథకం హైకోర్టులో చిక్కుకుపోయింది, అప్పుడు డబ్బు కట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఆ రసీదుతో ఎదురుచూశారు. ప్రభుత్వాలు ఇలాంటి పథకాలు మళ్లీమళ్లీ తేవడం వల్లే రూల్ ప్రకారం కట్టినవాడు వెర్రివాడిలా కనిపిస్తాడు, అది వేరే సంగతి.

చివరి మెట్టు ఓసీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం. అపార్ట్‌మెంట్ కొనేవాళ్లు ఇక్కడ కళ్లు తెరవాలి. పర్మిషన్ ఇచ్చేటప్పుడే బిల్డర్ దగ్గర నుంచి కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం తాకట్టు పెట్టించుకుంటారు, చిన్న స్థలాల్లోని చిన్న ఇళ్లకే మినహాయింపు. 20 ఫ్లాట్లు కడితే రెండు ఫ్లాట్లు మున్సిపాలిటీ చేతిలో ఉన్నట్టు. ఓసీ వచ్చాకే అవి విడుదలవుతాయి. ఆ రెండింటినే కాస్త తక్కువ రేటుకి ముందే బేరం పెట్టే బిల్డర్లు ఉన్నారు. మీకు చూపిస్తున్న ఫ్లాటు తాకట్టులో ఉందో లేదో అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదవ్వాలి, అక్కడ ప్లాన్ కూడా దొరుకుతుంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఓసీ విలువని ఇంకా పెంచింది. ఓసీ చూడకుండా బ్యాంకులు కట్టిన ఇంటి మీద లోన్ ఇవ్వొద్దనీ, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు కూడా అది చూశాకే ఇవ్వాలనీ చెప్పింది. "లిఫ్టు తిరుగుతోంది, అందరూ ఉంటున్నారు, ఓసీ దేనికండీ?" అని అడిగే సేల్స్ కుర్రాడికి చెప్పాల్సిన జవాబు అది.

బావగారి ఇల్లు ఇప్పుడు మొదటి స్లాబు దగ్గరుంది. పోయిన వారం నేను వెళ్లినప్పుడు మేస్త్రీ వెనక వైపు నిలబడి వంటగది కిటికీ చూపిస్తున్నాడు.

"సార్, ఇక్కడో అడుగు బయటికి లాగితే వంటగది దర్జాగా వస్తది. ఫ్రిజ్ పెట్టుకోడానికి చోటు. వెనకెవరు చూస్తరు సార్, పక్కాయన రెండడుగులు లాగిండు."

అక్కయ్య ఆశగా చూసింది. బావగారు ఏం మాట్లాడకుండా లోపలికెళ్లి టేపు తెచ్చారు. ఒక కొస నన్ను గోడకి ఆనించి పట్టుకోమని, తను కాంపౌండ్ దాకా నడిచి వంగి చూశారు.

"మూడడుగుల నాలుగంగుళాలు" అన్నారు. "ఫ్రిజ్ హాల్లో పెట్టుకుందాం."